కొలిచాకే బయానా: భేస్తాన్‌లో స్థలం కొనేవారికి సర్వే ఎందుకు అవసరం

సూరత్ మరమగ్గాల్లో పనిచేసే తెలుగు కుటుంబాలు దక్షిణ శివారులోని భేస్తాన్ వంటి చోట స్థలం కొనదలిస్తే, బయానాకు ముందే లైసెన్సు పొందిన సర్వేయరుతో కొలిపించుకోవడం మేలు. ప్రభుత్వ రికార్డుల్లో విస్తీర్ణం మెట్రిక్ కొలతల్లో ఉంటుంది. అమ్మేవారు ‘వార్’, అంటే చదరపు గజం, లెక్కన చెబుతారు. 100 వార్‌లు 83.6 చదరపు మీటర్లే. అసలు చిక్కు మరొకటి. పట్టణ ప్రణాళిక పథకం అమలైన చోట రోడ్లకు కొంత భూమి పోయి, పాత సర్వే నంబరుకు బదులు ‘ఫైనల్ ప్లాట్’ వస్తుంది. దాని ఆకారం, విస్తీర్ణం, ఒక్కోసారి చోటు కూడా మారతాయి. సాత్-బార పత్రం ఒక్కటే చూసి కొన్నవారు ఇక్కడే నష్టపోతారు. సర్వేయరు పటాన్ని నేలతో సరిపోల్చి హద్దులు చూపుతారు. ఆ సమయంలో పొరుగువారు ఉండడం మంచిది. యాజమాన్య హక్కు ఎవరిదన్నది మాత్రం సివిల్ కోర్టే తేల్చాలి.