అనిర్వేదము

హనుమంతుడు నూరు యోజనముల సముద్రమును దాటిన కథ మీరందరు వినియే యుందురు. వాల్మీకి రామాయణమున సుందరకాండములో 68 సర్గములు కలవు. సముద్రలంఘనము మొదటి సర్గముతోనే ముగియును. అటుపిమ్మట లంకలో ఒక రాత్రి ఆతడు పడిన వేదనను మాత్రము చాలమంది త్వరగా చదివి దాటిపోవుదురు.

ఆ రాత్రి హనుమంతుడు ఇల్లిల్లు వెదకుచు రావణుని అంతఃపురము చేరెను. అచట శయ్యపై నిద్రించుచున్న మండోదరిని చూచి సీతయే యని భ్రమించెను. ఆనందము పట్టలేక తోకను ముద్దు పెట్టుకొనెను. స్తంభముల నెక్కెను, దిగెను. మహాకవి తన వీరునిలోని కోతితనమును దాచలేదు. ఈ ఘట్టము చదివినప్పుడెల్ల నాకు నవ్వు వచ్చును. హనుమంతునిపై ప్రేమయు హెచ్చును. అంతలో ఆతడే తన్ను తాను సరిదిద్దుకొనెను. రాముని యెడబాసిన సీత ఇట్లు అలంకరించుకొని సుఖముగా నిద్రించునా యని ఆలోచించి, ఈమె వేరొక స్త్రీ యని నిశ్చయించెను.

ఎంత వెదకినను సీత కానరాలేదు. ఆతని మనస్సు క్రుంగెను. 'ఇక నావలన కాదు' అని మనస్సు చతికిలబడుటను నిర్వేదమందురు. దానికి లొంగకుండుటయే అనిర్వేదము. సిరికిని సుఖమునకును అనిర్వేదమే మూలమని తనకు తానే చెప్పుకొని, ఆతడు మరల వెదకుటకు పూనుకొనెను. భూగృహములు, చైత్యములు, అరుగులు, దిగుడుబావులు, కొలనులు అన్నియు చూచెను. రావణుని అంతఃపురమున ఆతడు చూడని చోటు నాలుగంగుళములైనను మిగులలేదు.

ఐనను సీత కనబడలేదు!

మంచిమాట తలచుకొన్నంతనే కార్యము సిద్ధించినట్లు కథలు చెప్పువారు కలరు. వాల్మీకి అట్లు చెప్పలేదు. రెండవసారి కలిగిన నిరాశ మొదటిదానికంటె భయంకరమైనది. తాను వట్టి చేతులతో మరలినచో రాముడు జీవింపడు, ఆ దుఃఖమున లక్ష్మణుడు జీవింపడు, పిదప భరత శత్రుఘ్నులు, తల్లులు, సుగ్రీవుడు, వానరులు అందరు నశింతురు అని హనుమంతుడు ఊహించెను. తానును ప్రాణములు విడుచుట మేలని కూడ తలచెను. కాని మరణమున దోషములు పెక్కు గలవనియు, బ్రదికియున్నవాడు శుభమును పొందగలడనియు విచారించి ఆ తలంపును త్రోసివేసెను.

ఆతడూహించిన ఆపదలలో ఒక్కటియు జరుగలేదు. పరీక్షలో గణితమున తప్పిన బాలుడు చేయునదియు ఇదియే కదా! తండ్రి ఏమనును, ఇరుగుపొరుగువారు ఏమందురు, ఇక నా బ్రదుకేమగును అని ఒక ఊహనుండి మరియొక ఊహకు పోవుచుండును. ఏ లెక్క తనకు రాలేదో చూచుకొనుట మాత్రము మరచును. హనుమంతుడు ఆ రాత్రి ఒంటరివాడు. తన బాధ చెప్పుకొనుటకు తోడెవరును లేరు. మీకు తల్లిదండ్రులు, గురువులు, స్నేహితులు కలరు. మనస్సు అంతగా క్రుంగినపుడు వారితో చెప్పుకొనుట పిరికితనము కాదు. గీతలో ఆరవ అధ్యాయమున, మనస్సును నిగ్రహించుట గాలిని పట్టుటవలె కష్టమని అర్జునుడు మొరపెట్టుకొనగా, శ్రీకృష్ణుడు ఆతనిని మందలింపలేదు. అది కష్టమేయని ఒప్పుకొని, అభ్యాసముచేతను వైరాగ్యముచేతను సాధ్యమగునని బోధించెను.

ఇట్లు చింతించుచున్న హనుమంతుని చూపు పెద్ద వృక్షములు గల ఒక తోటపై పడెను. అది అశోకవనము. దానిని తానింకను వెదకలేదు! వెంటనే రామలక్ష్మణులకు, సీతకు, దేవతలకు నమస్కరించి అచటికి పోయెను. శింశుపావృక్షము నెక్కి చూడగా, మాసిన వస్త్రముతో, శుక్లపక్షపు తొలినాటి చంద్రరేఖవలె కృశించిన ఒక స్త్రీ కనబడెను. ఈసారి ఆతడు గంతులు వేయలేదు. రాముడు చెప్పిన ఆభరణముల గురుతులను సరిచూచుకొని, ఆమె సీతయే యని నిశ్చయించెను.

సీత కనబడినను పని ముగియలేదు. రావణుడు వచ్చి బెదిరించి పోయెను. రాక్షసస్త్రీలు చుట్టును కాచియుండిరి. సంస్కృతమున పలికినచో తన్ను రావణుడని ఆమె భయపడునేమో యని హనుమంతుడు ఆకులచాటున కూర్చుండి చాలసేపు ఆలోచించెను. పిదప ఆమెకు వినబడునట్లు, మెల్లగా, రామకథను చెప్పనారంభించెను.