డిటో గుర్తు

పొద్దున్నే మనవరాలు ఫోన్ పట్టుకొచ్చింది. "తాతయ్యా, అత్త వచ్చే విశాఖ–కోర్బా బండి ఎక్కడుందో చూద్దామంటే పేజీ తెరుచుకోదేం? రోజూ క్లీనర్ యాప్‌తో అంతా తుడిచేస్తున్నాను కూడా!"

తుడవడంతోనే చిక్కొచ్చింది అమ్మడూ. నువ్వు పారేస్తున్నది చెత్త కాదు, బ్రౌజర్ కూడబెట్టుకున్న సరుకు. క్యాష్ అంటారు దాన్ని. పేజీ మొదటిసారి తెరిచినప్పుడు దిగిన బొమ్మలూ, ఫాంట్లూ ఫోన్‌లోనే దాచుకుంటుంది. మళ్లీ తెరిస్తే గడువున్నవాటిని ఎవర్నీ అడక్కుండా వాడేస్తుంది. గడువు దాటితే "ఇది మారిందా?" అని సర్వర్‌ని అడుగుతుంది. మారకపోతే 304 అని చిన్న జవాబొస్తుంది, బొమ్మ రాదు. బుధవారీ బజారుకెళ్లే ముందు అమ్మమ్మ పోపుల డబ్బా తీసి చూసుకోదూ? రోజూ ఆ డబ్బా బోర్లించేస్తే రోజూ ఆవాలు కొనాల్సిందే.

బండి ఎక్కడుందన్న కబురు మాత్రం పాలలాంటిది. ఎప్పటికప్పుడు కొత్తగా రావాల్సిందే. అయితే వచ్చేదాని బరువు తగ్గించొచ్చు.

నేను ఇక్కడ బిలాస్‌పూర్ గూడ్స్ ఆఫీసులో ఉన్నప్పుడు, వరసగా నలభై వ్యాగన్లు ఒకే ఊరికి వెళ్తుంటే రిజిస్టర్లో పేరు ఒక్కసారే రాసి, కింద రెండేసి గీతలు పెట్టేవాణ్ని. డిటో. 1977లో లెంపెల్, జివ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రకటించిన పద్ధతి అచ్చం ఇదే: "ఇన్ని గడులు వెనక్కెళ్లి ఇన్ని అక్షరాలు ఎత్తిరాసుకో". జిజిప్ అనే కుదింపు పద్ధతి దానిమీద కట్టిందే. సర్వర్ పేజీని అలా కుదించి పంపితే బ్రౌజర్ విప్పుకుంటుంది. మన తెలుగుకి ఇది మరీ మేలు. విజయనగరం అని రాస్తే యూనికోడ్ గుర్తులు 8, యూటీఎఫ్-8లో ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 24. ఇంగ్లీషులో 12 చాలు. అదే పేరు పేజీలో పదిసార్లొస్తే డిటో ఆ బరువు చాలావరకు దించేస్తుంది.

ఇక ప్రకటనలు. అవి వేరే వేరే సర్వర్ల నుంచి వస్తాయి. ఒక్కోదాని చిరునామా వెతకాలి, కనెక్షన్ కలపాలి. 2014లో వచ్చిన యూబ్లాక్ ఆరిజిన్ అనే బ్రౌజర్ జోడింపు, ప్రకటనల సర్వర్ల జాబితా చూసి ఆ అడగడాన్నే ఆపేస్తుంది. ఆండ్రాయిడ్‌లో ఫైర్‌ఫాక్స్ వాడితే పెట్టుకోవచ్చు. నేను రోజూ చదివే పత్రికల దగ్గర మాత్రం దాన్ని ఆపి ఉంచుతాను. వాళ్లకు జీతాలొచ్చేది ఆ ప్రకటనల మీదే కదా.

ఆ క్లీనర్ తీసేశావా? ఇప్పుడు చూడు... భాటాపారా దాటిందట! చెప్పులేసుకో, స్టేషన్‌కి పోదాం.