గుర్రం గిట్టలో ప్రాణం ఉంది

పోయిన ఏడు హోసూరులో మా వీధి పెళ్లికి తెచ్చిన గుర్రం ఊరేగింపులో నాలుగడుగులు వేసి కుంటడం మొదలుపెట్టింది. పెళ్లికొడుకును దించి కారెక్కించాం. పశువైద్యుడు వచ్చి, ముందురోజే కొట్టిన లాడంలోంచి ఒక మేకు లాగగానే దాని వెంట నెత్తురు వచ్చింది. "గిట్టంటే గోరే కదా, నెత్తురెక్కడిది?" అని అందరూ అడిగారు. ఒకప్పుడు సైన్యానికి గుర్రాలు పెంచిన మత్తిగిరి ఫారం చూస్తూ పెరిగిన నాకూ తెలియదు. ఆయన చెప్పినదీ, తర్వాత చదివి తెలుసుకున్నదీ మనవాళ్ల కోసం రాస్తున్నాను.

గుర్రం ఒక్కో కాలికి ఒక్క వేలి మీదే నిలబడుతుంది. అది మన నడిమి వేలికి సమానం. ఆ వేలి చివరి ఎముకను చుట్టి ఉన్న గోరే గిట్ట. ఒంటి బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ల మీద పడుతుంది. అందుకే ముందు గిట్టలు గుండ్రంగా, వెనుకవి కాస్త కోసుగా ఉంటాయి.

పైకి కనిపించే గట్టి గోడలో నరాలు, నెత్తురు ఉండవు. వెంట్రుకలు ముగిసే చోటి నుంచి అది నెలకు 6 నుంచి 10 మిల్లీమీటర్ల చొప్పున కిందికి పెరుగుతుంది. ముందుభాగం పూర్తిగా కొత్తది కావడానికి ఏడాది దాకా పడుతుంది. అసలు పని లోపల ఉంది. గోడ లోపలివైపు సుమారు 600 సన్నని రేకులుంటాయి. ఎముక మీది సజీవమైన రేకులు వాటిలో ఇమిడిపోతాయి. రెండు లెడ్జర్ల పేజీలను ఒకదానిలో ఒకటి దూర్చి లాగి చూడండి, ఊడి రావు. ఎముక అరికాలి మీద కూర్చోదు, ఈ పట్టుతోనే గోడకు వేలాడుతుంది.

గిట్ట తిప్పి చూస్తే మడమ వైపు నుంచి ముందుకు కోసుగా వచ్చే రబ్బరులాంటి ముక్కోణపు భాగం కనిపిస్తుంది. అడుగు పడినప్పుడు మడమ దగ్గర గిట్ట కొద్దిగా విచ్చుకుని, ఎత్తగానే దగ్గరవుతుంది. దాంతో అదురు తగ్గుతుంది, నెత్తురు పైకి మళ్లుతుంది. గిట్టలో కండరాలు లేవు కనుక దానికి నడకే పంపు.

అడుగున అంచుకు కాస్త లోపలగా లేత పసుపు గీత ఒకటి ఉంటుంది. లాడం మేకు ఆ గీతకు బయటే దిగాలి. లోపలికి పోతే ప్రాణమున్న చోట గుచ్చుకున్నట్టే. ఆనాడు జరిగింది అదే. గుర్రానికి ధనుర్వాతం తేలిగ్గా సోకుతుంది కనుక వైద్యుడు వెంటనే సూది వేశారు.

ఇంకొక మాట. ముద్దుకొద్దీ గుర్రానికి గంపెడు గింజలు పెట్టకండి. అవి మితిమీరితే లోపలి రేకులు వాచి పట్టు సడలుతుంది, ఎముక కిందికి ఒరుగుతుంది. గిట్ట వేడెక్కుతుంది, గుర్రం మడమల మీదికి వాలి నిలబడుతుంది. అప్పుడు నడిపించడం గోరుచుట్టు మీద రోకటి పోటే.

కనుక బజానా ఇచ్చేముందు గుర్రాన్ని గట్టి నేల మీద పది గజాలు నడిపించి చూడండి. 6 నుంచి 8 వారాలకోసారి గిట్టలు కోయిస్తున్నారా అని అడగండి. కుంటుతుంటే వద్దనండి. పెళ్లికొడుకు నడిచివెళ్లినా ముహూర్తం తప్పదు.