ముసలివాళ్ల చాకిరీ ఎవరిది? శిక్షణ ఎవరికి?

2011 జనగణన నాటికే మన దేశంలో 60 ఏళ్లు దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. ఆ సంఖ్య పెరుగుతూనే ఉంది. పిల్లలు అమెరికాకో బెంగళూరుకో వెళ్లిపోయిన ఇళ్లలో, మొగుడూ పెళ్లాలిద్దరూ ఉద్యోగాలకు పోయే ఇళ్లలో మంచాన పడ్డ పెద్దవాళ్లను చూసుకోవడానికి జీతానికి మనిషిని పెట్టుకోవడం హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో మామూలైపోయింది. మనుషులను పంపే ఏజెన్సీలు వెలిశాయి. 'శిక్షణ పొందిన కేర్‌గివర్లు' అన్న మాట వాటి ప్రకటనల్లో తరచూ కనిపిస్తుంది. ఆ శిక్షణ ఏమిటి, ఎవరికి అందుతోంది, ఎవరికి అందడం లేదు? కులం ఊసెత్తకుండా వీటికి జవాబు దొరకదు.

పక్కబట్టలు మార్చడం, మలమూత్రాలు ఎత్తడం, చీము తుడవడం లాంటి పనులకు కులవ్యవస్థ మైల అని ముద్ర వేసి కొందరి నెత్తిన పెట్టింది. ఊళ్లో చచ్చిన పశువును ఎత్తినవాళ్ల, పురుళ్లు పోసినవాళ్ల బిడ్డలు పట్నంలో ఆసుపత్రి ఆయాలుగా, ఇంటి అటెండెంట్లుగా కుదురుకున్నారు. మేము మాట్లాడిన ఆయాల్లో ఎక్కువమంది దళిత, ఆదివాసీ, బీసీ స్త్రీలే. పెద్దాయన ఒళ్లు తుడవడానికి పనికొచ్చే మనిషిని వంటగది గడప తొక్కనివ్వని ఇళ్ల గురించి, విడిగా పెట్టిన గ్లాసు గురించి వాళ్లు చెప్పారు. చాలామందిని ఏజెన్సీ ఒకటి రెండు రోజులు పాత ఆయా వెంట తిప్పి 'ట్రైనింగ్ అయిపోయింది' అని పంపేసింది.

ప్రభుత్వం వైపు పథకాలు లేకపోలేదు. షెడ్యూల్డ్ కులాల సంక్షేమం, వయోవృద్ధుల సంక్షేమం రెండూ కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ చేతిలోనే ఉన్నాయి. ఆ శాఖ అటల్ వయో అభ్యుదయ యోజనలో కేర్‌గివర్ల శిక్షణ ఒక భాగం. ఆరోగ్య శాఖ 2010-11లో వృద్ధుల ఆరోగ్య సంరక్షణకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. నైపుణ్య కేంద్రాల్లో జనరల్ డ్యూటీ అసిస్టెంట్, హోమ్ హెల్త్ ఎయిడ్ కోర్సులు ఉన్నాయి. కానీ కోర్సులో చేరాలంటే స్కూలు చదువు చూపించాలి, వారాల తరబడి సంపాదన మానుకోవాలి. ఐదో తరగతితో చదువు ఆగిపోయి, ఇరవై ఏళ్లుగా అదే పని చేస్తున్న ఆయాకు ఆ రెండూ కుదరవు. సర్టిఫికెట్ ఉన్నవాళ్లు సూపర్‌వైజర్లవుతారు, ఆమె ఆయాగానే మిగిలిపోతుంది.

అసలు ఈ శిక్షణలో ఏముంటుంది? కొన్ని సంగతులు చూద్దాం.

పడక పుండ్లు: కదలలేని మనిషిని సాధారణంగా రెండు గంటలకోసారి పక్క మార్చాలి. నడుము కింది భాగం, తుంటి ఎముకలు, మడమలు రోజూ చూడాలి. ఒత్తితే తెల్లబడని ఎరుపు కనిపిస్తే అది పుండుకు మొదలు. అక్కడ మర్దన చేయకూడదు, ఆ భాగం మీద బరువు పడకుండా పడుకోబెట్టాలి.

తినిపించడం: పక్షవాతం వచ్చినవారికి పడుకోబెట్టి అన్నం పెడితే మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. నిటారుగా కూర్చోబెట్టి చిన్న ముద్దలు పెట్టాలి. తిన్నాక కనీసం అరగంట కూర్చోనివ్వాలి.

ఎత్తడం: నడుము వంచి కాకుండా మోకాళ్లు వంచి, మనిషిని ఒంటికి దగ్గరగా తీసుకుని లేపాలి. బరువైన మనిషికి ఇద్దరు కావాలి, కింద దుప్పటి వేసి జరపాలి. ఇది నేర్పకపోతే ఆయా నడుము పోతుంది. ఆ వైద్యం ఖర్చు ఏ ఏజెన్సీ జీతంలోనూ కలపదు.

సూదులు, రక్తం: హెపటైటిస్-బి టీకా ఆరు నెలల్లో మూడు డోసులు వేయించుకోవాలి. వాడిన సూది గుచ్చుకుంటే వెంటనే సబ్బుతో, పారే నీటితో కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటకూడదు. మేము కలిసిన ఆయాల్లో ఈ టీకా పేరు విననివాళ్లు ఉన్నారు.

మతిమరుపు జబ్బు: డిమెన్షియా ఉన్నవారు తమ వస్తువులు ఎవరో ఎత్తుకుపోయారని తరచూ అనుమానిస్తారు. అది జబ్బు లక్షణం. కూతురి మీద ఆ నింద పడితే ఇంట్లో నవ్వుకుని ఊరుకుంటారు. దళిత ఆయా మీద పడితే సంచి వెతుకుతారు, పోలీసు స్టేషన్ దాకా లాగుతారు. అందుకే శిక్షణ ఆయాకు ఎంత అవసరమో, ఆమెను పెట్టుకున్న కుటుంబానికీ అంతే అవసరం.

ఇక మన వాడల్లోని ముసలివాళ్ల మాట. దళిత స్త్రీలు చనిపోయే సగటు వయసు పై కులాల స్త్రీల కంటే 14.6 ఏళ్లు తక్కువని ఐక్యరాజ్యసమితి మహిళా సంస్థ 2018 నివేదిక చెప్పింది. ముసలితనం దాకా బతికినవారు కూడా దశాబ్దాల కూలిపనితో అరిగిన మోకాళ్లతో, నడుముతో ఆ వయసుకు చేరతారు. పట్నంలో వేరే ఇంటి పెద్దావిడను రెండు గంటలకోసారి పక్క మార్చే ఆయా సొంత అమ్మ ఊళ్లో ఒంటరిగా పడుకుని ఉంటుంది. కోడలు మిర్చి కోతకు పోకపోతే పొయ్యి వెలగదు. అలాంటి ఇంటికి 'పెద్దలను ప్రేమగా చూసుకోండి' అని చెప్పే శిక్షణ వల్ల ఒరిగేదేమీ లేదు. తలగడలు లేకపోతే పాత చీరలు మడిచి మడమల కింద ఎలా పెట్టాలో, పనికి వెళ్లేముందు ఏం చేసి వెళ్లాలో, పక్కింటివాళ్లకు ఏం అప్పగించాలో చెప్పాలి. 2008లోనే పాలియేటివ్ కేర్ విధానం తెచ్చిన కేరళలో నర్సులు, వాలంటీర్లు ఇళ్లకే వెళ్లి కుటుంబాలకు చేసి చూపిస్తున్నారు. మన దగ్గర ఆశా, ఏఎన్‌ఎంలు వాడలోకి వచ్చి, కూలి నుంచి జనం తిరిగొచ్చే సాయంత్రం వేళ ఈ పని చేయగలరు. అందుకు వారికి అదనపు పారితోషికం ఇవ్వాలి.

మేము అడుగుతున్నవి ఇవి. ఏళ్ల అనుభవాన్నే అర్హతగా గుర్తించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు నైపుణ్య పథకాల్లో ఇప్పటికే ఉంది, దాన్ని చదువుతో పని లేకుండా ఆయాలకు వర్తింపజేయాలి. శిక్షణ రోజులకు కూలి కట్టివ్వాలి. టీకా, గ్లవ్స్ ఖర్చు ఏజెన్సీదే కావాలి. పని గంటలు, వారపు సెలవు, తిండి, పడుకునే చోటు కాగితం మీద రాసివ్వాలి. ఇంటి పనివారికి గౌరవమైన పని హక్కు కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒప్పందాన్ని భారత్ ఆమోదించాలి.

ఇంట్లో ఆయాను పెట్టుకున్నవారు చట్టం కోసం ఆగనక్కర్లేదు. ఆమెకు టీకా వేయించారా, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతోంది, ఏ గ్లాసులో నీళ్లు తాగుతోంది అన్నవి ఈ రోజే చూసుకోవచ్చు. వాడల్లో పెద్దవాళ్లకు నిరాదరణ, పింఛను సమస్య ఎదురైతే వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయవచ్చు. ఆ నంబరు ప్రతి వాడలో గోడ మీద రాసి ఉండాలి.