సెప్సిస్ తర్వాత ఇంటి వద్ద కోలుకోవడం

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపించారంటే జబ్బు పూర్తిగా నయమైందని అనుకోవడం సహజం. సెప్సిస్ విషయంలో మాత్రం ప్రాణాపాయం తప్పిందని మాత్రమే దాని అర్థం. కోలుకోవడం ఆ తర్వాత ఇంటి వద్దే మొదలవుతుంది. దానికి వారాలు, నెలలు, కొందరికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది.

సెప్సిస్ అంటే

న్యుమోనియా, మూత్రనాళ ఇన్‌ఫెక్షన్, మధుమేహం ఉన్నవారి కాలిపుండు, కాన్పు తర్వాత సోకే ఇన్‌ఫెక్షన్ వంటివి ఏవైనా సెప్సిస్‌కు దారితీయవచ్చు. ఇన్‌ఫెక్షన్‌ను ఎదుర్కొనే క్రమంలో శరీర రక్షణ వ్యవస్థ అదుపు తప్పి సొంత అవయవాలనే దెబ్బతీసే స్థితి ఇది. 2017లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 4.9 కోట్ల మంది దీని బారిన పడగా, 1.1 కోట్ల మంది మరణించారని అంచనా. సెప్సిస్ అంటువ్యాధి కాదు. ఆ భయంతో రోగిని దూరంగా ఉంచనవసరం లేదు.

నీరసం సోమరితనం కాదు

రోజుల తరబడి మంచం మీద ఉన్నవారికి కండరాలు క్షీణిస్తాయి. స్నానం చేసి వచ్చేసరికే ఆయాసం, కీళ్ల నొప్పులు, నిద్రలేమి, ఆకలి మందగించడం సాధారణం. కొన్ని వారాల తర్వాత జుట్టు విపరీతంగా రాలవచ్చు. అది క్రమంగా మళ్లీ పెరుగుతుంది. మతిమరుపు, ఏకాగ్రత లోపం, పీడకలలు, ఉన్నట్టుండి ఏడుపు రావడం కూడా జబ్బు మిగిల్చిన ఫలితాలే. పైకి బాగానే కనిపిస్తున్న మనిషి పనికి వెళ్లడం లేదని ఇంట్లోవారు నిష్ఠూరమాడితే, కోలుకుంటున్న మనసు మరింత కుంగిపోతుంది.

ఐసీయూలో గడిచిన రోజులు చాలామందికి గుర్తుండవు. భ్రమలు మాత్రమే గుర్తుండి భయపెడతాయి. అప్పుడు ఏ రోజు ఏం జరిగిందో ఇంటివారు నెమ్మదిగా చెబితే ఆ భయం తగ్గవచ్చు. దిగులు తగ్గకపోతే టెలిమానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆహారం, నడక

జ్వరం వస్తే "లంఖణం పరమౌషధం" అనడం మన ఇళ్లలో అలవాటు. ఇక్కడ అది పనికిరాదు. తరిగిపోయిన కండ తిరిగి పట్టాలంటే మాంసకృత్తులు కావాలి. పథ్యం పేరుతో పప్పు, పెరుగు, గుడ్డు మాన్పించి చారన్నంతో సరిపెడితే నీరసం తీరదు. ఒకేసారి తినలేనివారికి కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టాలి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారు మాత్రం పప్పు, నీళ్లు, ఉప్పు ఎంత తీసుకోవాలో వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవాలి.

నడక మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి వాకిలికి, ఆపైన వీధి చివరికి అన్నట్లు క్రమంగా పెరగాలి. ఒకనాడు ఓపిక ఉందని పనులన్నీ చేస్తే మర్నాడు మంచం దిగలేని పరిస్థితి రావచ్చు. పరామర్శకు వచ్చేవారిలో జలుబు, దగ్గు ఉన్నవారిని తర్వాత రమ్మనడం మర్యాద తప్పడం కాదు.

మందులు, కాగితాలు

బెంగళూరు వంటి నగరంలో వైద్యుడు కన్నడంలో చెబుతాడు, డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, సేవ చేసే తల్లి తెలుగు మాత్రమే చదవగలదు. అందుకే ఆసుపత్రి నుంచి బయలుదేరే ముందే మూడు ప్రశ్నలు అడిగి, జవాబులు తెలుగులో రాసుకోవాలి. ఇన్‌ఫెక్షన్ ఎక్కడ మొదలైంది? యాంటీబయాటిక్ ఎన్ని రోజులు వాడాలి? ఇంతకుముందు వాడుతూ ఆసుపత్రిలో ఆపిన రక్తపోటు, షుగర్ మాత్రలు మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి? నొప్పి మాత్రలను మందుల దుకాణంలో అడిగి తెచ్చుకోకూడదు; వాటిలో కొన్ని మూత్రపిండాలకు హాని చేస్తాయి. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి కూడా వైద్యుణ్ణి అడగాలి. రక్తపోటు, షుగర్ పరీక్షలకు దగ్గరలోని నమ్మ క్లినిక్‌కు వెళ్లవచ్చు. వెళ్లిన ప్రతిచోటికీ డిశ్చార్జి కాగితం వెంట తీసుకెళ్లాలి.

ఆలస్యం చేయకూడని లక్షణాలు

ఒకసారి సెప్సిస్ వచ్చినవారికి మళ్లీ వచ్చే ప్రమాదం ఉంటుంది. మొదటి మూడు నెలలు మరింత జాగ్రత్త అవసరం. ఈ కింది వాటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకూడదు:

• చలితో వణుకు, తీవ్ర జ్వరం, లేదా ఒళ్లు అసాధారణంగా చల్లబడటం
• మాట తడబడటం, మనుషులను గుర్తుపట్టలేకపోవడం, మగతగా ఉండటం
• వేగంగా ఊపిరి తీయడం, ఆయాసం
• రోజంతా మూత్రం రాకపోవడం లేదా బాగా తగ్గడం
• చర్మం పాలిపోవడం, మచ్చలు మచ్చలుగా రంగు మారడం
• మునుపెన్నడూ లేనంత నొప్పి లేదా నిస్సత్తువ

వెంటనే 108కు ఫోన్ చేయాలి. వృద్ధులలో జ్వరం లేకుండానే మాట తడబాటు మొదటి గుర్తు కావచ్చు. ఆసుపత్రికి చేరగానే "ఇంతకుముందు సెప్సిస్ వచ్చింది" అని మొదటి మాటగా చెప్పాలి. తెలుగులోనైనా, కన్నడంలోనైనా, ఇంగ్లీషులోనైనా ఆ జబ్బు పేరు ఒక్కటే. భాష రానివారు ఆ ఒక్క మాట చెప్పి, డిశ్చార్జి కాగితం చేతికిచ్చినా చికిత్స త్వరగా మొదలయ్యే అవకాశం పెరుగుతుంది. సెప్సిస్‌లో గడిచే ప్రతి గంటా విలువైనదే.