మాటకు వెల

హైదరాబాదునుండి ఢిల్లీకి టెలిఫోనులో మాటాడవలెనన్నచో, ఒకప్పుడు ముందుగా ఎక్స్ఛేంజికి తెలిపి ‘ట్రంకు కాలు’ నమోదు చేయించుకొని, గంటలకొలది కాచుకొని యుండవలసి వచ్చెడిది. తొందర గలవారు ‘అర్జెంటు’ అని రెట్టింపు రుసుమును, మిక్కిలి తొందర గలవారు ‘లైట్నింగు’ అని ఎనిమిది రెట్ల రుసుమును చెల్లించెడివారు. మూడు నిమిషములు ఒక లెక్క. ఆ మూడు నిమిషములు ముగియగనే ఆపరేటరు నడుమ ప్రవేశించి హెచ్చరించును. అందుచే చెప్పవలసిన సంగతులను ముందే కాగితముపై వ్రాసికొని కూర్చుండు గృహస్థులు ఎందరో యుండిరి.

1960వ సంవత్సరము నవంబరు మాసమున లక్నో, కాన్పూరు నగరముల నడుమ ఆపరేటరు సహాయము లేకయే అంకెలు త్రిప్పి నేరుగా మాటాడు ఏర్పాటు మొదలయ్యెను. ఇదియే ఎస్.టి.డి. ఇందులో రుసుమును లెక్కించు పద్ధతి తెలిసికొనదగినది. మాట సాగుచున్నంతసేపు ఎక్స్ఛేంజిలోని మీటరు ఆగి ఆగి ఒక్కొక్క అంకె ముందునకు కదలుచుండును. ఒక్కొక్క కదలికకు ఒక్కొక్క యూనిటు రుసుము. పిలిచిన ఊరు ఎంత దూరమైన, ఆ కదలికలు అంత వడివడిగ పడును. పగటివేళ వర్తకులు, కార్యాలయములవారు మాటాడుటచే తీగెలు తీరిక లేక యుండును. రాత్రివేళ అవే తీగెలు ఊరక పడియుండును. ఊరక యుండుటకంటె కొంచెమైనను రాబడి మేలుగదా! కావున రాత్రి మీటరును నెమ్మదిగ నడపెడివారు. పదునొకండు గంటలు దాటినచో పగటి రుసుములో నాలుగవ వంతు మాత్రమే పడెడిది.

ఈ రహస్యము తెలిసినవారు బూతుల ముందు బారులు తీరిరి. 1984లో సి-డాట్ సంస్థ ఏర్పడి, మన దేశపు అవసరములకు తగిన చిన్న ఎక్స్ఛేంజీలను తయారుచేసిన పిదప, పల్లెలలోను పట్టణపు సందులలోను ఎస్.టి.డి. బూతులు వెలసెను. దూరపు ఊళ్లలో చదువుకొను పిల్లలు రాత్రి భోజనమైన పిమ్మట ఆవులించుచు అచ్చట నిలిచి, ఎదుట మెరయు ఎఱ్ఱని అంకెలపై ఒక కన్ను వేసి, తల్లితో మాటాడెడివారు. అంకె చేతిలోని చిల్లరకు చేరువైనంతనే మాట ముగిసెడిది. ముగియవలసినది ముగియకపోయినను సరే.

సెల్‌ఫోను మన దేశమునకు 1995వ సంవత్సరమున వచ్చెను. మొదటి దినములలో రద్దీ వేళ నిమిషమునకు 16 రూపాయలు కూడ పడెడిది. అంతకంటె వింత యేమనగా, పిలిచినవాడే కాక పిలువబడినవాడును రుసుము చెల్లించవలసి యుండెను. ఎవరో పొరపాటున పిలిచినను, ఫోను తీసినవానికి నష్టము తప్పదు. 2003వ సంవత్సరము మే 1వ తేదీనుండి ఈ భారము తొలగి, వచ్చెడు పిలుపులకు రుసుము లేకుండెను.

ప్రజలు అంతకుముందే తమ ఉపాయమును తాము కనుగొనిరి. అదియే మిస్డ్ కాలు. అవతలివారు ఫోను తీసిన క్షణమునుండియే రుసుము లెక్కకు వచ్చును. గంట మ్రోగుటకు లెక్క లేదు. కావున ఒకమారు మ్రోగించి ఆపినచో ‘క్షేమముగ చేరితిని’ అని యర్థము. రెండుమార్లు మ్రోగించినచో ‘బస్సు దిగితిని, ఎదురు రండు’ అని యర్థము. కానీ ఖర్చు లేకుండ వార్త పంపు ఈ విద్యను ఏ యింజనీరును నేర్పలేదు. 2006లో ప్రభుత్వ సంస్థ దేశమంతటికి నిమిషమునకు ఒక రూపాయి యను పథకమును, 2009లో మరియొక సంస్థ సెకండునకు ఒక పైసా యను లెక్కను ప్రవేశపెట్టిన తరువాత కూడ ఆ యలవాటు పూర్తిగ పోలేదు.

ఇంటర్నెట్టు కూడ 1995లోనే, ఆగస్టు 15వ తేదీన, ప్రజలకు అందుబాటులోనికి వచ్చెను. టెలిఫోను తీగెద్వారానే వచ్చుటచే దానికి రెండు ఖర్చులు: చందా యొకటి, తీగెపై పడు యూనిట్లు వేరొకటి. అందుచే నెట్టు సెంటరునకు పోయి గంటకింత యని చెల్లించుటయే చాలమందికి దారి. 2002వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీనుండి ఇంటర్నెట్టుద్వారా మాటాడుటకు మన దేశమున అనుమతి లభించెను. నాటినుండి కొడుకులు, కూతుళ్లు అమెరికాలో నున్న ముదుసలి దంపతులును నెట్టు సెంటర్లకు వచ్చి, చెవులకు యంత్రములు తగిలించుకొని కూర్చుండసాగిరి.

ఇది యేల చౌక? పాత టెలిఫోను పద్ధతిలో ఇరువురు మాటాడుచున్నంతసేపు వారి నడుమ ఒక దారి యంతయు వారికే కేటాయింపబడును. వారు మౌనముగ నున్నను ఆ దారిని వేరొకరు వాడరాదు. ఇంటర్నెట్టులోనన్ననో, మాట చిన్నచిన్న తునకలుగ కత్తిరింపబడి, ప్రతి తునకపై చిరునామా వ్రాయబడి, తపాలా సంచిలోని ఉత్తరములవలె వేలమంది తునకలతో కలిసి ఒకే దారిని పోవును. దారి ఖర్చును అందరును పంచుకొందురు.

లెక్క వేసి చూడవచ్చును. పాత డిజిటల్ ఎక్స్ఛేంజిలో ఒక గొంతు సెకండునకు 8,000 బైట్లుగ మారును. నిమిషమునకు 4,80,000. ఇరువురి గొంతులు కలిసి 9,60,000. ఒక గిగాబైటు, అనగా నూరు కోట్ల బైట్లు, రమారమి పదునేడు గంటల సంభాషణకు చాలును. నేటి పద్ధతులు గొంతును ఇంకను కుదించును గనుక అంతకంటె ఎక్కువయే. అయితే ముఖము కూడ చూడగోరినచో ఖర్చు అనేక రెట్లగును. డేటా మిగుల్చుకొనగోరువారు బొమ్మను ఆపి మాట నుంచుకొందురు.

2016 సెప్టెంబరులో జియో సంస్థ మాటకు వేరుగ రుసుము లేదని ప్రకటించుటతో తక్కిన సంస్థలును ఆ దారినే పట్టెను. అప్పటినుండి గృహస్థుని లెక్క నిమిషములనుండి దినములకు మారెను. ఇందు ఒక చిక్కు కలదు. 28 దినముల పథకమును ‘నెల’ యనుకొన్నవాడు సంవత్సరమునకు పండ్రెండుమార్లు గాక పదమూడుమార్లు చెల్లించును. పథకపు వెలను దినములచే భాగించి చూచుటయే సరియైన మార్గము. 28 దినములకు 252 రూపాయలైన దినమునకు 9. 84 దినములకు 672 అయిన 8. రెండవది చౌకయే, కాని ఒక్కసారిగ 672 చేతిలో నుండవలెను. కూలి డబ్బుతో బ్రదుకువానికి చౌకబేరము చేతికందక పోవుట ఇచ్చటనే.

గల్ఫు దేశములకు పనికై పోయిన కరీంనగరు, నిజామాబాదు ప్రాంతములవారి కథ కొంత వేరు. ఒకప్పుడు వారు టేపు క్యాసెట్టులో మాటలు నింపి ఊరికి పోవువారిచేత పంపెడివారు. తరువాత ఫోను కార్డులు వచ్చెను. నేడు ఇంటర్నెట్టు చేతిలో నున్నను, అరబ్బు ఎమిరేట్లవంటి చోట్ల వాట్సాపు పిలుపులపై నిబంధన కలదు. అచ్చటి ప్రభుత్వము అనుమతించిన సాధనములనే వెదకుకొనవలెను. చౌకదారి యంత్రమునుబట్టియే కాక చట్టమునుబట్టియు నుండును.

ప్రభుత్వము 2020 డిసెంబరులో ‘పి.ఎం. వాణి’ యను ఏర్పాటునకు అనుమతించెను. చిన్న అంగడివాడు కూడ లైసెన్సు లేకయే తన కొట్టునుండి వైఫైని చిల్లరగ అమ్మవచ్చును. ఇట్టి బహిరంగపు వైఫైలో పాఠములు చూచుకొనుట మంచిదే. బ్యాంకు లెక్కలు తెరచుట మంచిది కాదు.

అదే సంవత్సరము కోవిడు వలన బడులు మూతపడెను. ఒకే ఫోను గల ఇండ్లలో అది తండ్రితోపాటు ఉదయమే పనికి పోయెడిది. మువ్వురు పిల్లలకు పాఠము చేరుటెట్లు? సెప్టెంబరు 1వ తేదీనుండి తెలంగాణమున దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ వాహినులద్వారా పాఠములు ప్రసారమయ్యెను. టెలివిజను ముందు మువ్వురు కూర్చుండినను డేటా ఖర్చు లేదు. ఇంటర్నెట్టులేని దారియే అప్పుడు అన్నింటికంటె చౌకయయ్యెను.

ముదుసలివారు మాత్రము చాలకాలము తాము వాడని డేటాకు వెల చెల్లించిరి. వారి ఫోనులో అంకెల మీటలు తప్ప తెర యంతగ లేదు. టెలికాం నియంత్రణ సంస్థ 2024 డిసెంబరులో, మాటలకును సందేశములకును మాత్రమే పనికివచ్చు పథకమును ప్రతి సంస్థయు అమ్మవలెనని ఆదేశించి, దాని గడువును 365 దినముల వరకు పొడిగించుటకు వీలు కల్పించెను. అడిగినగాని కొట్టువాడు చెప్పని పథకమిది. నానమ్మ ఫోనునకు రీఛార్జి చేయింపబోవు మనుమడు ముందుగ దీనినే అడుగవలెను.