సాల్మన్ చేపకి పేలు చూడడం

ఈ దేశానికి వచ్చాక మన ఇళ్ళలో చాలావాటిలో కొరమేను పులుసు స్థానంలో సాల్మన్ పులుసు స్థిరపడిపోయింది. ఆ చేపకి పేలు పడతాయనీ, నార్వేలో పెంపకందార్లు వాటిని వారంవారం లెక్కపెట్టి ప్రభుత్వానికి చెప్పాలనీ తెలిసినప్పుడు, అరుగు మీద కూర్చోబెట్టి పేలు చూసే అమ్మమ్మ గుర్తొచ్చి నవ్వొచ్చింది.

నిజానికిది రొయ్యలు, పీతల వర్గానికి చెందిన పరాన్నజీవి. మన చెరువుల్లో బొచ్చె, రోహులకి పట్టే చేపపేనుకి దూరపు చుట్టం. చేప ఒంటిమీది జిగురునీ, చర్మాన్నీ, రక్తాన్నీ తిని బతుకుతుంది. ఆడదాన్ని పోల్చుకోవడం తేలిక, వెనక రెండు గుడ్ల దారాలు వేలాడుతుంటాయి.

సముద్రంలో దించిన ఒక్కో వలగూటినుంచి మామూలు రోజుల్లో పది, వసంతంలో ఇరవై చేపల్ని పట్టి, మత్తుమందు కలిపిన తొట్టిలో వేసి చూస్తారు. పెద్ద ఆడవెన్ని, కదిలేవెన్ని, అంటుకుపోయిన పిల్లలెన్ని అని విడివిడిగా రాస్తారు. తొట్టిలో రాలినవీ లెక్కలోకొస్తాయి. ఆ చోటు మొత్తమ్మీద సగటున చేపకి 0.5 పెద్ద ఆడ పేను కన్నా తక్కువ ఉండాలి, వసంతంలో కొన్ని వారాలు 0.2 కన్నా తక్కువ. (అర పేనేమిటని అడక్కండి, సగటు!)

ఇంత పట్టింపు గూటిలో చేప కోసం కాదు. వసంతంలో నదుల్లోంచి సముద్రానికి బయలుదేరే అడవి సాల్మన్ పిల్లల కోసం. వేలెడంత పిల్లకి పది పేలు పట్టాయంటే బతకడం కష్టం.

చిక్కల్లా సగటుతోనే. ఒక గూటిలో రెండు లక్షల చేపల దాకా ఉండొచ్చు. చేపకి అర పేనంటే గూటికి లక్ష ఆడ పేలు, ఒక్కోటి ఒక్క విడతలో వందల గుడ్లు. చట్టం మీరకుండానే ఫియర్డ్ అంతా పేల పిల్లలతో నిండిపోవచ్చు. మా వృత్తిలో ఇది మామూలే, ప్రతి సర్వరూ బాగానే ఉందంటుంది, సైటు మాత్రం పడిపోయుంటుంది. నార్వే వాళ్ళకీ ఇది తట్టింది. 2017లో తీరాన్ని 13 ప్రాంతాలుగా విడగొట్టి ట్రాఫిక్ దీపాల పద్ధతి పెట్టారు. పేల వల్ల అడవి పిల్లల్లో 30 శాతం పైగా చస్తున్నాయని అంచనా వేసిన చోట ఎర్ర దీపం, పెంపకం 6 శాతం తగ్గించాలి.

ఆ ఇరవై చేపల్నీ ఎలా పట్టారన్నది ఇంకో తంటా. నీరసపడి పైకి తేలేవే వలకి సులువుగా చిక్కుతాయి, పేలు వాటికే ఎక్కువుండొచ్చు. అందుకే ఇప్పుడు నీళ్ళలో కెమెరాలు పెట్టి వేల చేపల్ని చూసే ప్రయత్నాలు సాగుతున్నాయి.

లెక్క దాటితే మందు వెయ్యాలి. చాలాచోట్ల పేలు మందులకి అలవాటు పడిపోయాయి కాబట్టి చేపల్ని 30 డిగ్రీల దరిదాపు వేడినీళ్ళలో కొద్ది సెకన్లు ముంచి తీస్తారు. చన్నీటి చేప, గిలగిల్లాడుతుంది, కొన్ని చస్తాయి కూడా. వసంతంలో ఎనిమిది గూళ్ళున్న చోట 160 చేపల మీద 31 ఆడ పేలు దొరికితే ఆ వారానికి గండం గడిచినట్టే, 32 అయితే కాదు. చలిలో, ఊగే పడవ మీద ఆ ముప్ఫైరెండోది కంటబడాలి.